పల్లె నుంచి రాస్తున్నా – 31: పాత స్ప్లెండర్, కొత్త సైలెన్సర్



ఈ వారం కవిత్వం లేదు, నవల లేదు. సైలెన్సర్ గురించి రాస్తున్నా. అవును, బండి సైలెన్సరే. తెలుగులో పీహెచ్‌డీ చేసినావిడకి సైలెన్సర్‌తో ఏం పని అని నవ్వేవాళ్లు నవ్వుకోండి. నవ్వడం అయ్యాక చదవండి. కొంచెం పొడుగ్గానే ఉంటుంది.

ముందు చట్టం దగ్గర మొదలుపెడతా. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. 2015లో దాన్ని సవరించారు. ఆ సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. అందులో సెక్షన్ 3(1)(జెడ్‌ఏ) కింద (బి) అని ఒక ముక్క ఉంది, ఎప్పుడన్నా తీరిగ్గా చదవండి. మనవాళ్లు బహిరంగంగా సైకిలెక్కినా, మోటార్ సైకిలెక్కినా, చెప్పులేసుకున్నా, కొత్త బట్టలు కట్టుకున్నా, పెళ్లి ఊరేగింపు తీసినా, ఆ ఊరేగింపులో గుర్రమెక్కినా అడ్డుకోవడం నేరం. ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు, జరిమానా.

చట్టం ఊహల మీద రాయరు. ఎక్కడో జరిగింది, మళ్లీ మళ్లీ జరిగింది, అందుకే ఢిల్లీలో కూర్చున్న డ్రాఫ్టింగ్ ఆఫీసర్ కలం పట్టుకుని 'మోటార్ సైకిల్' అనే మాట ఒక అత్యాచారాల చట్టంలో రాయాల్సొచ్చింది. ప్రపంచంలో ఇంకెక్కడన్నా ఇట్లాంటి సెక్షన్ రాయాల్సిన అవసరం పడి ఉంటుందా అని నాకు చాలాసార్లు అనిపిస్తుంది. ఆ సవరణ వచ్చిన తొమ్మిదేళ్లకి, 2025 ఫిబ్రవరిలో, తమిళనాడు శివగంగ జిల్లాలో బుల్లెట్ మీద ఇంటికొస్తున్న ఒక దళిత కాలేజీ కుర్రాడి చేతుల మీద కత్తులతో కొట్టారు. నువ్వు బుల్లెట్ నడపడమేంటి అన్నారని ఆ కుటుంబం ఫిర్యాదు. ఆ పిల్లాడు మా కాలేజీలో బీఎస్సీ రెండో సంవత్సరం చదివే పిల్లల వయసువాడు.

కాబట్టి బండి విషయం మనకి చిన్న విషయం కాదు. బండి శబ్దం విషయం అసలే కాదు.

మా నాయన కుర్రతనంలో సైకిలు కొనుక్కున్నాడు. పల్లె నుంచి ఊరి నడిబజారు దాకా తొక్కుకుంటూ వచ్చి, అక్కడ దిగి, బజారు దాటేదాకా నడిపించుకుంటూ పోయి, మళ్లీ ఎక్కేవాడు. దిగమని బోర్డేమీ లేదు. అరుగుల మీద కళ్లుండేవి, అంతే. బయటివాళ్లకి తెలియదేమోనని చెబుతున్నా, మా ప్రకాశం వైపు పల్లె అంటే మాలమాదిగలుండేది, ఊరంటే మిగతావాళ్లుండేది. మా పల్లెకి బయటికిపోయే తోవ ఇప్పటికీ ఊరి నడిబజారు మీదుగానే. అదే నాయన తర్వాత అంగన్‌వాడీలో పనిచేసే మా అమ్మ జీతం మీద అప్పు తీసుకుని 2002 మోడల్ స్ప్లెండర్ మూడో చేతిలో కొన్నాడు. దాన్ని దిగి నడిపించలేదు. నూటపది కేజీల బండిని ఎండలో ఎవరు తోస్తారే అనేవాడు నవ్వుతూ. బరువు సాకు అని మా అందరికీ తెలుసు.

నాయన పోయి ఆరేళ్లయింది. బండి ఉంది. రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు దాటాక గ్రీన్ ట్యాక్స్ కట్టి రెన్యువల్ చేయించాం. నేను కాలేజీకి, తమ్ముడు టౌన్లో ఎలక్ట్రికల్ షాపులో పనికి, ఇద్దరం వంతులేసుకుని నడుపుతాం. మొన్న చలికాలంలో దాని సైలెన్సర్ కింద పొట్ట దగ్గర తినేసి రూపాయి బిళ్లంత కన్నం పడింది. గొంతు మారిపోయింది బండికి.

సైలెన్సర్ ఎందుకు తుప్పు పడుతుంది? వానకి, బురదకి అనుకుంటారు అందరూ. కొంతవరకే నిజం. ఎక్కువ తుప్పు లోపలి నుంచి వస్తుంది. లీటరు పెట్రోలు పూర్తిగా కాలితే దాదాపు లీటరు నీళ్లు పుడతాయి. పెట్రోల్లో ఉన్న హైడ్రోజన్ గాల్లో ఉన్న ఆక్సిజన్‌తో కలిస్తే నీళ్లే గదా. అది ఆవిరిగా సైలెన్సర్లోకి వస్తుంది. బండి ఇరవై ముప్పై కిలోమీటర్లు పోతే గొట్టమంతా కాలి ఆ ఆవిరి బయటికి పోతుంది. రెండు కిలోమీటర్లు పోయి ఆపేస్తే చల్లారి నీళ్లయి, లోపల అన్నిటికన్నా పల్లంగా ఉన్నచోట నిలబడుతుంది. అందులో మసి, ఆమ్లం. రోజూ కొంచెం కొంచెం తింటుంది. చలికాలం పొద్దున్నే సైలెన్సర్ కొస నుంచి నీటిబొట్లు రాలడం చూసే ఉంటారు. అవే ఇవి. చాలా సైలెన్సర్లకి కింద చీమ దూరేంత చిన్న రంధ్రం ఉంటుంది, ఆ నీళ్లు కారిపోవడానికి. కన్నం పడిందనుకుని దానికి ఎంసీల్ పెట్టి మూసేసే మహానుభావులున్నారు. మూయకండి.

ఇక్కడ ఆగి ఒక మాట. పల్లె నుంచి బస్టాండు దాకా, బస్టాండు నుంచి పల్లెకి, రెండేసి కిలోమీటర్లు తిరిగే బండికే సైలెన్సర్ తొందరగా పోతుంది. హైవే మీద తిరిగే బండికి పోదు. పేదవాడి బండి తిరుగుడే దాన్ని లోపల్నుంచి తింటుంది. ఇంజనీరింగ్ కాలేజీలో ఈ వాక్యం చెప్పరు.

మెకానిక్ భాయ్ చూసి నాలుగు దారులు చెప్పాడు. గ్యాస్ వెల్డింగ్‌తో అతుకేయొచ్చు, ఆరు నెలలు రాదు, ఎందుకంటే చుట్టుపక్కల రేకంతా అప్పటికే అప్పడమైంది. కంపెనీ సైలెన్సర్ తెప్పించొచ్చు, రేటెక్కువ. బయట మార్కెట్లో అచ్చం కంపెనీలాగే చేసినవి దొరుకుతాయి, అందులో మంచివీ ఉన్నాయి, రేకు పల్చనివీ ఉన్నాయి, చేత్తో పట్టి బరువు చూసి కొనాలి. నాలుగోది మా తమ్ముడి కళ్లు మెరిసిన దారి. "సౌండ్ సైలెన్సర్ ఏయించుకో తమ్ముడూ, బజార్లో పోతుంటే తిరిగి చూడాల!"

తమ్ముడి వాదన నేను తక్కువ చేసి రాయను. వాడు డిగ్రీ చదివినవాడు, నాకన్నా బాగా మాట్లాడతాడు. "నాయన దిగి నడిచిన బజార్లో మనం పోతున్నట్టు తెలియాలి గదక్కా. వాళ్ల బుల్లెట్లు పొద్దున్నే డుబుడుబుమంటా పోతే ఊరికి కళ అంటారు. మనం పోతే ఎవరికీ వినపడకూడదా?" అన్నాడు. ఇదే మాట మన ఉద్యమ మిత్రులు కొందరు సిద్ధాంతం చేసి కూడా చెబుతున్నారు, పెద్ద శబ్దం మన ధిక్కార స్వరం అని. వాళ్ల మీద గౌరవం ఉంది. నేను ఒప్పుకోను.

ఎందుకు ఒప్పుకోనో చెబుతా. ముందు ఇంజన్ వైపు నుంచి. స్ప్లెండర్ది 97.2 సీసీ. ఏడు, ఏడున్నర హార్స్ పవర్. దాన్ని ఆ పైపు పొడవుకీ లావుకీ, ఆ లోపలి అరలకీ లెక్కేసి ట్యూన్ చేశారు. ఆరువేల ఆర్‌పీఎం దగ్గర ఈ ఇంజన్ సెకనుకి యాభైసార్లు మండుతుంది. యాభైసార్లు వాల్వు తెరుచుకుని ఒత్తిడి మీదున్న గ్యాసు గొట్టంలోకి దూకుతుంది. సైలెన్సర్ లోపలి అడ్డగోడలూ చిల్లుల గొట్టాలూ ఆ దెబ్బల్ని అటూ ఇటూ తిప్పి ఒకదాన్నొకటి మింగేలా చేస్తాయి. అవన్నీ తీసేసిన డొల్ల గొట్టం పెడితే స్పీడు పెరుగుతుందని కుర్రాళ్ల నమ్మకం. రేసు బండికి, కార్బురేటర్ జెట్లు మార్చి, మిగతావన్నీ మార్చి పెడితే వేరు సంగతి. మన నూరు సీసీ బండికి పెడితే కింది గేర్లలో లాగుడు తగ్గుతుంది, మిక్స్‌చర్ తప్పి ఇంజన్ వేడెక్కుతుంది, యాక్సిలేటర్ వదిలినప్పుడల్లా పట్ పట్‌మని పేలుతుంది. మైలేజీ పోతుంది. అంటే మన పెట్రోలు డబ్బులు పెట్టి మన ఇంజన్‌ని మనమే కాల్చుకుని బజారుకి వినోదం చూపిస్తున్నాం.

రెండోది పల్లె వైపు నుంచి. ఆ శబ్దం నడిబజార్లో అర నిమిషం ఉంటుంది. రాత్రి పదింటికి పనినుంచి ఇంటికొస్తే మన వీధిలో ఉంటుంది. అరుగుల మీది పెద్దమనిషికి వినపడేది అర నిమిషం. మన ఎదురింటి బాలింతకి, పొద్దున్నే నాలుగింటికి పొగాకు పనికి లేవాల్సిన పిన్నికి వినపడేది రోజూ. ఎవరి మీద ధిక్కారం ఇది?

మూడోది చట్టం. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 190(2), శబ్ద, వాయు కాలుష్యం. 2019 సవరణ తర్వాత మూడు నెలల దాకా జైలో, పదివేల దాకా జరిమానానో, రెండూనో. పైగా మూడు నెలలు లైసెన్సు రద్దు. తమ్ముడి జీతం నెలకి పన్నెండు వేలు. మన నగరాల్లో పోలీసులు పీకిన సైలెన్సర్లని రోడ్డు మీద వరసగా పరిచి రోడ్డు రోలర్‌తో తొక్కించడం, ఫొటోలు పత్రికల్లో రావడం మీరు చూసే ఉంటారు. ఆ వరసలో ఎవరి సైలెన్సర్లున్నాయో, ఎవరివి ఒక్క ఫోన్‌కాల్‌తో వెనక్కెళ్లాయో ఏ ఫొటోలోనూ కనపడదు. నాకు అర్థమైందేమిటంటే, మనల్ని ఆపడానికి వాళ్లకి కారణం కావాలి. కారణం లేకుండా ఆపితే సెక్షన్ 3(1)(జెడ్‌ఏ). సౌండ్ సైలెన్సర్ పెట్టుకుంటే కారణాన్ని మనమే వెల్డింగ్ చేయించి బండికి తగిలించి ఇచ్చినట్టు.

తమ్ముడు రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు తనే బరువు చూసి, కంపెనీలాంటి మామూలు సైలెన్సర్ కొనుక్కొచ్చాడు. కొత్త గ్యాస్‌కెట్, రెండు కొత్త నట్లు కూడా. బిల్లు తీసుకోమని నేనే మరీ మరీ చెప్పా. బిల్లు సంగతి చివర్లో వస్తుంది.

బిగించింది మేమే, మా వాకిట్లో. మెకానిక్ మీద కోపంతో కాదు. ఆ పని రావాలని. ఎట్లా చేశామో వివరంగా రాస్తా, ఎందుకంటే ఈ సిరీస్ చదివే తమ్ముళ్లలో సగం మంది దగ్గర ఇట్లాంటి బండ్లే ఉన్నాయి, చెల్లెళ్లలో కొందరి దగ్గరా ఉన్నాయి.

సైలెన్సర్ పని మొత్తంలో ప్రమాదం ఒక్కచోటే ఉంది. బెండ్ పైప్ ఇంజన్ హెడ్‌కి తగిలేచోట రెండు స్టడ్లు, రెండు నట్లు. పది నంబర్ పానా పడుతుంది. స్టడ్డు సన్నంగా ఆరు ఎం.ఎం. ఉంటుంది. ఇరవై ఏళ్లు వేడికి కాలి, చల్లారి, కాలి, నట్టూ స్టడ్డూ ఒకటైపోయి ఉంటాయి. జబర్దస్తీగా తిప్పితే స్టడ్డు విరుగుతుంది. హెడ్డు అల్యూమినియం. విరిగిన ముక్క దాంట్లో ఉండిపోతే లేత్ షాపుకి మోసుకెళ్లాలి, డ్రిల్ చేసి కొత్త మరలు వేయించాలి. ఐదొందల పని ఐదువేలవుతుంది. కాబట్టి ముందురోజు సాయంత్రమే వైర్ బ్రష్‌తో మరల మీది తుప్పు గీకి, తుప్పు వదిలించే స్ప్రే కొట్టాం. అది లేకపోతే డీజిలే, ఓపికుంటే అదీ చాలు. పడుకోబోయే ముందు ఇంకోసారి. తెల్లారి మళ్లీ. స్ప్రేనో డీజిలో పూసినప్పుడు బండి చల్లగా ఉండాలి, నిప్పు దగ్గరుండకూడదు.

నట్టు వదిలేటప్పుడు ఒకటే దిక్కు లాగకూడదు. చిటికెడు బిగించు, చిటికెడు వదులు. మళ్లీ బిగించు, ఇంకొంచెం వదులు. కిర్రుమంటే ఆగి మళ్లీ నూనె. మూతి అరిగిన పానా వద్దు, నట్టు మూలలు తినేస్తుంది. రింగ్ పానాగానీ టీ పానాగానీ కావాలి. మొదటి నట్టుకి మాకు ఇరవై నిమిషాలు పట్టింది. తమ్ముడికి చెమటలు. "నేను చేస్తాలే అక్కా, నీ చేతులు మసవుతాయి" అన్నాడు. మసి చేతులు మన ఇంట్లో కొత్తా అన్నా.

మా తాత కపిల మోటకి తోలు తొండం కుట్టేవాడు. బావిలోంచి నీళ్లు పైకి తెచ్చేదాకా చుక్క కారకుండా కుట్టు ఎట్లా పడాలో, తోలు ఎంత నాననివ్వాలో, దారం ఎంత లాగాలో ఆయనకి తెలుసు. ఆయన తొండంతో తడిసిన పొలాల్లో ఒక్క సెంటు ఆయనది కాదు. నా పీహెచ్‌డీ కోసం వృత్తి పదాలు పోగుచేస్తూ తిరిగినప్పుడు ఆ కుట్లకి వేరువేరు పేర్లున్నాయని ముసలివాళ్ల నోట విన్నా. నిఘంటువుల్లో వెతికితే సగం లేవు. ఇవాళ మెకానిక్ షాపుల్లో పానా, బెండ్ పైప్, మరలు పోవడం, నట్టు జామవడం, ఇంజన్ పట్టేయడం అనే మాటలూ అంతే. భాష బతికేది అక్కడ. మా డిపార్ట్‌మెంట్లో వాటిని యాస అని కూడా అనరు, అసలు భాషే కాదంటారు. సర్లెండి, అది ఇంకో పోస్టు.

తోలు తొండం మాట ఎందుకొచ్చిందంటే గ్యాస్‌కెట్ వల్ల. బెండ్ పైప్‌కీ హెడ్‌కీ మధ్య ఒక రింగు ఉంటుంది. అది నలిగి సందు మూస్తుంది. దాని పని ఒక్కటే, కారకుండా చూడటం. పైపు ఊడదీసినప్పుడు పాత రింగు బయటికి రాదు, రంధ్రంలోనే అంటుకుని, మసి పట్టి, హెడ్డులో భాగంలాగే కనపడుతుంది. చాలామంది అది చూడక దాని మీదే కొత్తది పెట్టేస్తారు. పైపు సరిగా కూర్చోదు, నాలుగు రోజుల్లో సందు వస్తుంది, ఆ సందులోంచి గాలి లాక్కుని బండి పట్ పట్‌మంటుంది. అప్పుడు సైలెన్సర్ నకిలీదని షాపువాడితో గొడవ. సన్న స్క్రూడ్రైవర్‌తో అంచుల్ని నిదానంగా ఎత్తి పాత రింగు బయటికి తీయాలి, అల్యూమినియం గీసుకుపోకుండా. మాదైతే మూడు ముక్కలుగా వచ్చింది.

వెనకవైపు ఫ్రేముకి తగిలే బోల్టుతో పెద్ద తంటా లేదు, లావుగా ఉంటుంది, తిరుగుతుంది. అది వదిలేటప్పుడు ఒక మనిషి సైలెన్సర్ పట్టుకోవాలి, లేకపోతే బరువంతా ముందు స్టడ్ల మీద వేలాడుతుంది.

కొత్తది ఎక్కించేటప్పుడు వరస ముఖ్యం. ముందు నట్లు చేత్తో తిరిగినంతవరకే తిప్పాలి. తర్వాత వెనక బోల్టు, అదీ వదులుగానే. సైలెన్సర్ తనంతట తాను కూర్చోవాలి. బయటి మార్కెట్ సరుకుకి బ్రాకెట్ రంధ్రం ఒక్కోసారి అర అంగుళం అటో ఇటో ఉంటుంది. బోల్టు బిగించి దాన్ని ఈడ్చుకొద్దామనుకుంటే ఆరు నెలలకి వెల్డింగ్ దగ్గర పగులుతుంది. సందుకి తగ్గ వాషర్లు వేసి నింపాలి. మాకు రెండు పట్టాయి. అప్పుడు ముందు నట్లు, ఇది రెండు చుట్లు, అది రెండు చుట్లు, సమంగా. ఒకటి పూర్తిగా బిగించి రెండోదానికి పోతే రింగు ఒకవైపే నలుగుతుంది. ఎంత బిగించాలి? ఆరు ఎం.ఎం. స్టడ్డుకి భుజం బలం వద్దు, మణికట్టు చాలు. ఆఖరున వెనక బోల్టు.

స్టార్ట్ చేసే ముందు గుడ్డతో సైలెన్సరంతా తుడవండి. క్రోమ్ మీది వేలిముద్రలు వేడికి కాలి అట్లాగే నిలిచిపోతాయి. మొదటిసారి కాస్త పొగ వస్తుంది, లోపల పూసిన నూనెది, కంగారుపడకండి. సబ్బునీళ్లు చిలకరిస్తే కారేచోట బుడగలొస్తాయి, కాకపోతే ఇంజన్ వేడెక్కకముందే చూసుకోవాలి. రెండు మూడుసార్లు వేడెక్కి చల్లారాక, చల్లగా ఉన్నప్పుడు, నట్లకి మళ్లీ ఒకసారి పానా వేయాలి. రింగు నలిగి కొంచెం వదులవుతుంది. ఇది మర్చిపోయేవాళ్లే ఎక్కువ.

బీఎస్ 6 బండ్లున్నవాళ్లు, అంటే 2020 తర్వాత కొన్నవాళ్లు, ఇది చదివి మీ బండి విప్పకండి. మీ పైపులో కేటలిటిక్ కన్వర్టర్ ఉంటుంది, సెన్సర్ ఉంటుంది. అవి వేరే లెక్క, ఖరీదైన లెక్క.

ఇంతకీ బండి ఎట్లా ఉంది? కొత్తగా కొన్నప్పటి శబ్దం ఎట్లా ఉండేదో మాకు తెలియదు, మూడో చేతిలో కదా వచ్చింది. కుట్టుమిషన్ తొక్కినట్టు మెత్తగా ఉంది. అమ్మ వంటింట్లోంచి వచ్చి స్టార్ట్ చేశారా లేదా అని అడిగింది.

ఇక అసలు సంగతి.

సైలెన్సర్ బిగించిన నాలుగో రోజు సాయంత్రం తమ్ముణ్ణి నడిబజార్లో ఆపారు. ఎవరో పెద్దమనిషి స్టేషన్‌కి ఫోన్ చేశాడట, పల్లె కుర్రాళ్లు సౌండ్ బండ్లేసుకుని తిరుగుతున్నారని. ఆ వారంలో నిజంగానే బజార్లో రెండు బుల్లెట్లు రాత్రిపూట ఇళ్లు అదిరేలా తిరిగాయి, అవి ఎవరివో ఊరందరికీ తెలుసు. ఆపింది స్ప్లెండర్‌ని. ఇంజన్ నడుస్తూనే ఉంది, కుట్టుమిషన్ లాగా. కానిస్టేబుల్ చెవి దగ్గరపెట్టి వినలేదు, వంగి చూడలేదు. "సైలెన్సర్ కొత్తగా మార్చావా?" "మార్చా సార్, పాతది తుప్పుపట్టింది." "మార్చావు గదా. మీ పల్లె బండ్లన్నీ ఇంతే." మార్పు చేసిన సైలెన్సర్ అని చలానా రాశాడు.

కొత్తది పెట్టడం మార్పు కాదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 120వ రూలు బండికి శబ్దం తగ్గించే సైలెన్సర్ ఉండాలనే చెబుతుంది. అంటే కన్నం పడ్డ సైలెన్సర్‌తో తిరగడమే తప్పు, మేం ఆ తప్పు సరిచేశాం. డెసిబెల్ లెక్కలున్నాయి, 80 నుంచి 175 సీసీ బండికి 77, అంతకు మించిన సీసీకి 80. అవి కూడా బండి తయారయ్యేచోట పద్ధతి ప్రకారం మీటర్ పెట్టి కొలిచే లెక్కలు. బజార్లో మీటర్ లేదు. చెవి ఉంది. ఆ చెవికి బుల్లెట్ వినపడలేదు, స్ప్లెండర్ వినపడింది.

ఈ చెవి మనకి కొత్తది కాదు. ఊళ్లో ఏది చాటాలన్నా డప్పు మనమే కొట్టాలి. జాతరకి మనమే, చావుకి మనమే. కొట్టమన్నప్పుడు ఎంత గట్టిగా కొడితే అంత మెచ్చుకోలు. అదే డప్పు మన పెళ్లికి, మన జయంతికి మనం కొట్టుకుంటే చెవులు పగిలిపోతాయి వాళ్లకి. 1994 జులై 7న మా జిల్లాలోనే, ఈదుముడిలో, దండోరా అన్న ఆ చాటింపు మాటనే తిరగేసి తమ పేరుగా పెట్టుకుని ఒక ఉద్యమం లేచింది. శబ్దం ఎంత అన్నది ఎప్పుడూ గొడవ కాదు, ఎవరి ఆజ్ఞ మీద అన్నదే గొడవ. కారంచేడులో 1985లో మంచినీళ్ల చెరువు దగ్గర మొదలైంది, చుండూరులో 1991లో సినిమా హాల్లో కాలు తగిలిందని మొదలైంది. రెండు చోట్లా మొదట ఎవరో ఒక పెద్దమనిషి 'చిన్న గొడవే' అనే ఉంటాడు.

"చూశావా అక్కా, మామూలుది పెట్టినా పడింది. సౌండ్‌ది పెట్టినా పోయేదేముంది?" అన్నాడు తమ్ముడు ఆ రాత్రి. న్యాయమైన ప్రశ్న. నా జవాబు ఇది. సౌండ్‌ది పెట్టి ఉంటే ఈ రాత్రి డబ్బులు కట్టి తల దించుకుని వచ్చేవాడివి, బండీ పోయేది. మామూలుది పెట్టావు కాబట్టే నీ చేతిలో బిల్లుంది. నా ఫోన్లో పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి తీసిన ఫొటోలున్నాయి. కాబట్టే మనం కొట్లాడగలుగుతున్నాం. వాడు వెంటనే ఒప్పుకోలేదు. ఒప్పుకోకుండానే బిల్లు తీసి జిరాక్స్ తీయించుకొచ్చాడు.

మేం చలానా కట్టలేదు. అక్కడికక్కడ రాజీ రుసుం కట్టడానికి సెక్షన్ 200 వీలు ఇస్తుంది, కట్టి తీరాలని చెప్పదు. కట్టం, కోర్టుకి పంపండి అని రాసిచ్చి రసీదు తీసుకున్నాం. 'మీ పల్లె బండ్లన్నీ' అన్న మాట పక్కనున్న ఇద్దరు విన్నారు, ఒకరు సాక్ష్యం చెబుతానన్నారు, ఇంకొకరు ఇంట్లో అడిగి చెబుతానన్నారు. దాని మీద విడిగా అర్జీ ఎస్పీ ఆఫీసుకి రిజిస్టర్డ్ పోస్టులో పంపాం. వకీలు మా పాత విద్యార్థే, ఫీజు తీసుకోనంటున్నాడు, బస్సు చార్జీలన్నా ఇస్తామంటున్నాం.

సౌండ్ సైలెన్సర్లు మన కుర్రాళ్లవైనా సరే పట్టుకోండి, నాకు అభ్యంతరం లేదు. కానీ మీటర్ పెట్టి పట్టుకోండి, నడిబజార్లో నిలబెట్టి, బుల్లెట్‌తో మొదలుపెట్టి పట్టుకోండి. ఈ మాట మా మండలంలో ఉన్న అన్ని పార్టీల నాయకులకీ రాశా. ఒక్కరే జవాబిచ్చారు, శుభాకాంక్షలు అని. దేనికో తెలియదు.

తమ్ముళ్లకి రెండు పనులు చెప్పి ఆపుతా. బండికి ఏ సామాను మార్చినా బిల్లు మీద బండి నంబర్ రాయించుకోండి, షాపు ముద్ర వేయించుకోండి. విప్పిన పాత సైలెన్సర్ వెంటనే పాతసామాన్లవాడికి వేయకండి, కిలోల లెక్కన ఇచ్చేది వందో నూటయాభయ్యో. మాది కోళ్లగూడు పక్కన గోడకి ఆనించి ఉంది, కన్నం బయటికి కనపడేలా. వాయిదా వచ్చే నెల పద్నాలుగున. దాన్ని గోనెసంచిలో చుట్టి కోర్టుకి పట్టుకుపోతాం.